అనుబంధం ఏడు

తానా నది సముద్రంలో కలిసేచోట
మూడు రోజులు బురద కొలిచాను.
లోతు, ఉప్పు,
మడచెట్ల వేళ్ల మధ్య పీతల బొరియలు
చదరపు మీటరుకి నలభై ఒకటి.

రేవు కట్టేవాళ్లిచ్చిన ఫారంలో
ప్రభావానికి మూడు గళ్లు:
స్వల్పం, మధ్యస్థం, తీవ్రం.
"సరిదిద్దవచ్చు" అన్నమాట మాత్రం
ముందే అచ్చయి ఉంది.

పడవ నడిపే హవాయె కొమోరా
తెడ్డు ఆపి అడిగింది:
"రాత్రి ఎప్పుడైనా కొలిచావా?"
లేదన్నాను.
నా పని ఎనిమిది నుంచి అయిదు దాకా.

ఆ రాత్రి తీసుకెళ్లి లాంతరు ఆర్పేసింది.
పడవ కిందుగా నీటిగుర్రం ఒకటి
ఊపిరి బిగబట్టి వెళ్లింది.
మేమూ బిగబట్టాం.
తర్వాత, చేపపిల్లలు వేళ్లలోకి దూరే చప్పుడు,
రేకు మీద తొలి చినుకుల్లా.
"మా అమ్మ ఇది వినే
వల ఎప్పుడు వేయాలో చెప్పేది."
అంతే, ఇంకేమీ అనలేదు.

నైరోబీలో, ఫ్యాను కింద,
నూటపన్నెండో పేజీ.
శబ్దం, డెసిబెళ్లలో.
నా దగ్గర అంకె లేదు.
ఖాళీగా వదిలితే సున్నా అనుకుంటారు.
అంచున పెన్సిలుతో రాశాను:
మళ్లీ వెళ్లాలి. చీకట్లో. ఆమె పడవలోనే.

సంతకానికి గడువు శుక్రవారం.