మేకు తల, మేకు మొన

మా అమ్మ ఐయోన్ గిట్టెన్స్
వంటింటి గోడ మీద పెన్సిల్‌తో తారీఖులు వేసేది.
పేలుడు పేలుడుకీ పగులు ఎంత పాకిందో
అక్కడో గీత, పక్కన రోజు.
కొట్టువాడి అరువు పద్దులా ఉండేది ఆ గోడ.

బార్బడోస్ ఆగ్నేయపు కొస.
చెరుకు ఆగిపోయి సముద్రం మొదలయ్యే చోట
ఆకాశానికి గురిపెట్టిన ఫిరంగి.
యుద్ధనౌక కోసం పుట్టిన గొట్టం,
దాని మూతికి ఇంకో గొట్టం అతికించారు.
మందు మండిన గాలి
వీపున చెయ్యేసి తోసే దారి ఇంకాస్త సాగాలని.
సాగితే సాగింది గానీ
తన బరువుకి తనే మూతి వాల్చేసేది.
వంతెనకి కట్టినట్టు ఇనుప ఊచలు బిగించి
ఎత్తి నిలబెట్టేవాళ్ళు.
గొట్టంలో వెంట్రుకవాసి వంకరున్నా
బయటికొచ్చేది తిన్నగా రాదట.

లోపలి గాడులన్నీ కోసిపారేశారు.
తూటాని బొంగరం చేసేవి గాడులే.
పొట్టిగా బొద్దుగా ఉన్నది తిప్పితే నిలుస్తుంది;
వీళ్ళు పంపేది ఈటెలా బారెడు, సన్నం,
తిరుగుడుకి లొంగదు.
తోకకి రెక్కలు కావాలి.
రెక్కల ఈటె అంత లావు గొట్టంలో
గంగాళంలో గరిటెలా కొట్టుకుంటుంది కదా,
అందుకు మా నాన్నని పిలిచారు.

డార్న్‌లీ గిట్టెన్స్, వడ్రంగి.
శవపేటికలు, పడవ పక్కటెముకలు, చర్చి బల్లలు చేసిన చెయ్యి.
నాలుగు చెక్కముక్కలు కావాలన్నారు:
కలిపితే గొట్టానికి సరిపడా గుండ్రం,
నడుమ ఈటెకి ఒళ్ళో చోటు.
కుర్ర ఇంజనీరు పలక మీద లెక్కలు వేశాడు,
ఒత్తిడి ఇంటూ వైశాల్యం అన్నాడు.
నాన్న జేబులోంచి మేకు తీశాడు.
"దీని తల వెడల్పు, దెబ్బ తినడానికి.
మొన సన్నం, దూరడానికి.
నువ్వనేది ఇదే అయితే
కొట్టగానే తల ఊడిపోయే మేకు కావాలి నీకు."
ఇంజనీరు సుద్దముక్క కింద పెట్టాడు.

పేల్చే రాత్రి కిటికీలు తెరిచి ఉంచమని
జీపులో వచ్చి చెప్పిపోయేవాళ్ళు.
అమ్మ పింగాణీ పళ్ళేల్ని పరుపు మీద పరిచి
పసిపిల్లలకి కప్పినట్టు దుప్పటి కప్పేది.
ముందు వెలుగు.
తర్వాత నేల.
చప్పుడు అన్నిటికన్నా వెనక.
బడిలో చెప్పకముందే
అది అరికాళ్ళతో నేర్చుకున్నాను నేను.

మూతి దాటగానే గాలి చెక్కని విప్పేసేది.
నాలుగు ముక్కలూ నాలుగు దిక్కులకి.
నాన్న పని అక్కడికి సరి.
ఈటె ఒక్కటే అరవై మైళ్ళు దాటి
పాలపొగ చార వదిలేది.
పైగాలులు దాన్ని లాగి మెలిపెడుతుంటే
పొరుగు దీవుల్లోని కెమెరాలు
అక్కడ ఏ గాలి ఎటు పోతోందో పట్టుకునేవి.
"ఎవర్నీ చంపని ఫిరంగి" అని నాన్న మురిసేవాడు.
"నా గోడని అడుగు" అనేది అమ్మ.

ఎగిరేచేపల వలలో ఒకసారి
సిల్వన్ అనే కుర్రాడికి ముక్కొకటి దొరికింది.
ఒకవైపు బొగ్గు,
ఒకవైపు నాన్న చిత్రిక పట్టిన నునుపు.
నాన్న దాన్ని చాలాసేపు వాసన చూశాడు.
మర్నాడు కుంటుతున్న భోజనాల బల్ల కింద దోపాడు.

డబ్బు ఆగింది, ఫిరంగి ఆగింది.
ముళ్ళపొదల్లో తుప్పు రేకులు రాలుస్తూ
మూతి కాస్త వాల్చి ఇంకా పడుంది.
పగులు కూడా
చివరి తారీఖు దగ్గరే ఆగిందనుకున్నాం.
మొన్న సున్నం వేయిద్దామని గోడ గీకితే
గీత దాటి బెత్తెడు పాకి ఉంది.

అమ్మ లేదు.
పెన్సిల్ అయితే దొరికింది,
ఏ రోజు వెయ్యాలో తెలియలేదు.