గసగసాలకు అరబ్బీ మాట

డిచ్‌పల్లిల ఎమ్మే చదివేటప్పుడు
నాలుగో ప్రశ్న ఎప్పుడూ అదే వచ్చేది:
"విచలిత ప్రవర్తనకు కారణాలు వివరింపుము."
పదిహేను మార్కులు.
అడిషనల్ షీటు కట్టి మరీ రాసిన.
లక్ష్యం చూపి దారి మూసేస్తే
మనిషి గోడ దూకుతడని రాసిన.
అలవాటు పుట్టుకతోని రాదు,
పక్కమంచపోడు నేర్పుతడని రాసిన.
సంఘం ముందు పేరు పెడుతది,
మనిషి తర్వాత ఆ పేరుకు సరిపోతడని రాసి
స్కేలు పెట్టి కింద గీత కూడ గీసిన.

ఇప్పుడు షార్జాల కోర్టు మెట్లెక్కుత,
వారానికి మూడు దినాలు.
తెలుగు నోటిని అరబ్బీ చెవికి అప్పజెప్పుడు నా పని.
మాటకు ఇంత అని కాదు, పూటకు ఇంత అని ఇస్తరు.

ఆ మంగళవారం బోనుల ఇద్దరు.

డొంకేశ్వర్ పిలగాడు శ్రవణ్, ఇరవై రెండేండ్లు.
సంచిల అరకిలో గసగసాలు.
కోడికూరల నూరుకొమ్మని వదినె కట్టిచ్చింది
పాత చీరముక్కల, వాము డబ్బా పక్కన.
"వీటిని మీ దిక్కు ఏమంటరు?" అని జడ్జి.
అరబ్బీ మాట నోటిదాకా వచ్చి ఆగిన.
ఖష్‌ఖాష్.
మా అమ్మ కస్‌కస్ అంటది.
ఒకే గింజ మూడు నోళ్లల్ల నలిగిన చప్పుడు.
మాట ఏ వీసా లేకుండ ఎన్నడో సముద్రం దాటింది,
గింజే ఎయిర్‌పోర్టుల దొరికింది.

రెండోవాడు లింబాద్రి.
నలభై ఆరేండ్లు. షట్టరింగు. పన్నెండో అంతస్తు.
దిండు గలీబుల పద్దెనిమిది గోలీలు.
"ఎవరిచ్చిన్రు" అనే గడి కాగితంల ఖాళీగ ఉన్నది.
జాలి అవతలి నుంచి నాకు చెప్పిండు:
ఊర్ల మందుకల్లుకు అలవాటు పడ్డ చేతులు
ఇక్కడ దిగిన మూడోనాటికి వణికినయంట.
వణికే చేతికి సుత్తె ఇయ్యరు.
పక్కమంచం నేపాలీ సగం గోలీ ఇరిచి ఇచ్చిండు.
కడుపుల తిప్పింది, కక్కిండు.
"అదే, అదే, ఇంకొంచెం సేపు ఉండు" అన్నడంట వాడు.
ఉన్నడు.
ఎక్కుడు అంటే ఏందో
ఒకరు చెప్తేనే తెలిసిందంట.

తెల్లారి సూపర్‌వైజర్ భుజం తట్టిండు,
ఒక్క పూటల నాలుగు కాలమ్‌లు, శభాష్ లింబాద్రి!
ఏడు నెలలు అదే పేరు.
తనిఖీ అయిన రాత్రి ఇంకో పేరు పెట్టిన్రు.
చెయ్యి అదే. గోలీ అదే.

నా జేబుల కూడ ఉన్నది అదే గోలీ.
మోకాలి ఆపరేషనుకు దవఖాన రాసిచ్చింది.
నా చీటి మీద నీలం ముద్ర.
ఆ నీలం రంగు గురించి
ఏ అడిషనల్ షీటుల రాయలేదు నేను.

జడ్జి మంచోడే.
కండ్లద్దాలు తీసి మెల్లగ అడిగిండు,
"ఎందుకు వేసుకున్నవు?"
లింబాద్రి నా దిక్కే చూసిండు.
"పానం గుంజుతుండె, సారూ."

పానం అంటే ప్రాణమా, పెయ్యా?
గుంజుడు అంటే నొప్పా, కోరికా?
తాడు కట్టి ఎవరో లాగుడా?
ఎవరు?
మూడు రూపాయల మిత్తా,
పన్నెండో అంతస్తు కింద ఎండల మెరిసే నేలా?
నా పదిహేను మార్కుల జవాబు మొత్తం
రెండు మాటల్ల చెప్పిండు వాడు.
టైపు కొట్టే పిల్ల వేళ్లు
నా కోసం గాల్ల ఆగినయి.

"ఒప్పుకుంటున్నడు," అని చెప్పిన.

శ్రవణ్‌ను మూడోవారం విమానం ఎక్కిచ్చిన్రు, గింజలు లేకుండ.
లింబాద్రి సంగతి తెల్వదు.
తర్వాతి వాయిదాకు వేరేటాయన పోయిండు.
ఆ పూట పైసలు మాత్రం టైముకు పడ్డయి.

శుక్రవారం కోడికూర వండిన.
జీడిపప్పు నూరి పోసిన, అయినా పులుసు పలుచగనే ఉన్నది.
మోకాలు సలుపుతుంటే
గోలీ అరచేతుల పెట్టుకొని
చీటి మీది ముద్ర ఒకసారి చూసుకొని
మింగిన.