వేరు

అయిదువేల ఎనిమిదొందలు పోసి
విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న పలక.
నెల్లిమర్ల తెచ్చేసరికే అందులో
ఎవరెవరో కాపురం పెట్టేసున్నారు.

రమ్మీ ఆడమనేవాడొకడు,
అడక్కుండా అప్పిస్తాననేవాడొకడు,
వాన కబురు చెప్తూ చెప్తూ మధ్యలో
జుట్టునూనె అమ్మేవాడొకడు.
వేలితో నొక్కిపట్టి పొమ్మంటే పోరు.
"ఈ యాప్‌ను తీసివేయడం కుదరదు" అని
మర్యాదగా, తెలుగులోనే అంటారు.
ముప్ఫై రెండు జీబీల్లో నాకు మిగిలింది
పొద్దుటి బస్సు ఫుట్‌బోర్డు మీద
ఒంటికాలు మోపేంత చోటు.

స్టేషను రోడ్డులో గౌరీసు కొట్టుకి పట్టుకెళ్లాను.
వాడు తిరగేసి, బోర్లేసి, గోరుతో అంచు గీకి
"రూటు చేసీమంటావా బావా?" అన్నాడు.
ఏ రూటురా? రామతీర్థం రూటా, పూసపాటిరేగ రూటా?
నవ్వాడు. "రూటంటే వేరు.
వేరు దాకా దిగితే దీనికి నువ్వే కామందువి."

వేరు.
అన్నదమ్ములం కంచాలు పంచుకున్ననాడు విన్న మాట.
వేరు పడ్డాకే తెలిసింది,
పొయ్యి నాదైతే
పొగ కూడా నాదేనని.

"తేడా వస్తే ఇటికైపోద్ది" అన్నాడు.
మిల్లు మూసిన రెండేళ్లూ బట్టీలో ఇటికలు మోసినోణ్ణి.
ఇటికతో గోడైనా కడతారు,
చచ్చిన పలకతో ఏం కడతారు?
"వారంటీ పోద్ది."
అది పోయి పదకొండు నెలలు.
"బేంకు యాపూ, పీఎఫ్ యాపూ మరి తెరుచుకోవు.
తాళం పగిలిన ఇల్లని వాటికి తెలిసిపోద్ది."
అక్కడ ఆగాను.

మిల్లు గేటుకి తాళం పడ్డ పొద్దున
కేరేజీ పట్టుకుని బయట నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.
ముందురోజు గోగునార దుమ్ము
ఇంకా కనుబొమ్మల్లోనే ఉంది.
లోపల నా మగ్గం, నా పాతచెప్పుల జత,
నా అరచేతి వంపుకి అరిగిపోయిన పిడి.
ఒక్కటీ నాది కాదని గోడమీద కాగితం చెప్పింది.
ఇరవై ఆరేళ్లు పనిచేసి
ఆ తాళంచెవి ఎంతుంటుందో చూళ్లేదు.
ఇప్పుడు నా డబ్బుతో కొన్నదానికీ
చెవి ఇంకెవడి మొలతాట్లోనో.

దాలమ్మకి చెప్పాను.
మిషను ఆపకుండానే అంది:
"పగలగొడితే గొట్టు గానీ
ముందు నా జాకెట్టు కటింగుల వీడియోలు పక్కకి తీసీ."

రాత్రి, అందరూ పడుకున్నాక,
పీఎఫ్ చూశాను. "పరిశీలనలో ఉంది."
పోయిన నెలా ఇదే మాట, ముందు నెలా ఇదే.
గౌరీసు చెప్పిన గడి వెతికాను.
ఏడుసార్లు కొట్టమన్నాడు, అది మొదటి గడపట.
ఆరు కొట్టాను.
"ఇంకొక్క అడుగు దూరంలో ఉన్నారు" అంది పలక.

వేలు గాల్లోనే ఉంది.
పైనుంచి రమ్మీవాడు దిగి
"ఆడతారా?" అన్నాడు.