ఏటికి

డబ్బా తెప్పించుకుందామనుకున్నాను ముందు.
పద్దెనిమిది వందలు. బొమ్మలో పన్నెండు పనిముట్లు,
పళ్ల డాక్టరు పళ్లెంలో సామానులా
వరసగా పడుకుని మెరుస్తున్నాయి.
సగానికి పేర్లే తెలీవు.
పేరు తెలీని పనిముట్టు కొనొద్దని
నాకు కత్తెర పట్టడం నేర్పిన పెద్దత్త రూలు.
డబ్బా మానేశాను.

పర్లాకిమిడిలో జాకెట్లు కుట్టే మనిషికి
ఈగ కట్టాలంటే కొరతపడేది ఏమిటో చెప్పనా?
మూడో చెయ్యి.
గేలపు ముల్లుని కదలకుండా పట్టుకుని
నా రెండు చేతులూ నాకు వదిలేసే చెయ్యి.

కొమ్ముపని గౌరంగో మహారణా దగ్గర ఉందది.
దువ్వెన పళ్లు కోసేటప్పుడు వాడే చేతివైసు,
దవడల్లో ఇంకా కొమ్ముపొడి.
కొంగలకి మెడలు వంచీ వంచీ
ఆయన చూపుడువేలు కూడా కొంచెం వంకర.
"ఏటికి?" అన్నాడు.
"ఏటికే" అన్నాను.
"ఎందుకని అడుగుతున్నానమ్మా."
"ఎక్కడికో చెబుతున్నాను. మహేంద్రతనయకి."
నవ్వలేదు. ముల్లు తీసుకుని
దవడల మధ్య బిగించి గోటితో మీటాడు.
సన్నగా మోగింది.
"మోగితే పట్టినట్టు, మోగకపోతే జారినట్టు."
అద్దె వద్దన్నాడు. మొదటి ఈగ చూపించమన్నాడు.

దారానికేం లోటు అనుకున్నాను,
గోడ నిండా నూట నలభై రంగులు.
ఒక్కటీ పనికిరాలేదు.
పదో నంబరు ముల్లు మీద జాకెట్ దారం
పసిపిల్ల మెడకి కంబళి చుట్టినట్టు.
చివరికి పట్టుచీర చిరుగులు రఫ్ఫు చేసే సన్నదారం,
నల్లది, ఒకటే రీలు,
అదీ సగం అయిపోయింది.

మైనం గురువారం సంతలో దొరికింది,
సవర ముసలమ్మ అడ్డాకులో పెట్టిచ్చిన
తేనె వాసన వదలని ఉండ.
ముడి మీద పూయడానికి మా పిల్ల గోళ్లరంగు,
రంగు లేనిది.
ఈక కోసం కోళ్ల షాపుకి వెళ్తే
బస్తా విప్పి చూపించాడు. ఫారం కోళ్లవి,
తెల్లగా, తడిగా, ఏ పౌరుషమూ లేకుండా.
నాకు కావలసింది పుంజు మెడ మీది ఈక,
కోపమొస్తే నిక్కేది,
నీళ్ల మీద కూడా ఆ కోపం పోనిది.
బొడ్డేపల్లి సూరన్న డేగపుంజు
గూటి దగ్గర రాల్చినవి ఏరాను, ఏడు.
ఎనిమిదోది రాలలేదు, పీకాను.
సూరన్నకి ఈ పద్యం వినిపించొద్దు.

రాత్రి షాపు మూశాక
గుండీల డబ్బా పక్కకి జరిపి కూర్చున్నాను.
చుట్టు మీద చుట్టు, ఈక, మళ్లీ చుట్టు.
తయారైంది చూస్తే ఈగ కాదు,
రాత్రి బస్సు దిగిన మనిషి జుట్టు.

గౌరంగో కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.
"దీనికి తల ఏదీ?"
చోటు చాల్లేదన్నాను.
"తల ఆఖర్న చెక్కుతాం.
చోటు మాత్రం మొదటే వదులుతాం."
ముప్ఫై ఏళ్లుగా మెడలు కత్తిరిస్తున్నదాన్ని,
ఆ మాట నాకు ఇంకొకరు చెప్పాలా?
చెప్పాలి కామోసు.

ఆదివారం తెల్లవారకముందే
మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి విసిరాను.
రెండుసార్లు నా చెంగుకే తగిలింది.
మూడోసారి ఒక పరిగె పైకొచ్చింది, బెత్తెడు కూడా లేదు,
నోట పట్టింది,
కొత్త జాకెట్ తిరగేసి లోపలి కుట్టు చూసే
గడుసు ఖాతాదారులా ఒక్క క్షణం ఆలోచించి
వదిలేసి వెళ్లిపోయింది.
కోపం రాలేదు నాకు.
నేనైనా అంతే చేసేదాన్ని.

ఇంటికొచ్చి వైసులో బిగించి మీటాను. మోగింది.
సగం బ్లేడుతో కట్టంతా విప్పాను,
ఈకలు ఓ వైపు, దారం ముక్కలు ఓ వైపు,
ముల్లు మళ్లీ బోసిగా, కొత్తదానిలా.

ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పగలను,
ముందు ఏం కొనాలో.
రెండు రూపాయల బ్లేడు.
మధ్యకి విరిచి, ఒక సగానికి గుడ్డ చుట్టుకోండి.
రెండో సగం దాచుకోండి,
అవసరం పడుతుంది.