కోట్ల గది

వచ్చే నెల మళ్లీ ఆడతారట
'గంట పోసేవాడి ఇల్లు'.
గోడమీద పోస్టరు జిగురింకా ఆరలేదు,
అప్పుడే కుతైసీలో సగం మంది
ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

చేపల సందు మూలనున్న హోటల్లో
మట్టికుండలో చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి.
వాటికన్నా ముందు ముర్తాజ్ ఉడికాడు.
"చివర్లో నిజం గంట మోగిస్తాడట కొత్త దర్శకుడు!
టేపు మీద! స్పీకర్లలో!
ఇంకేం, పెళ్లికూతురికి అట్టమీసం కూడా పెట్టమను."

"మోగితే తప్పేంటి?" అంది తేక్లా.
పంతొమ్మిదేళ్లది. నాటకం చూడనే లేదు,
అమ్మమ్మ నోట విని మూడంకాలూ కంఠతా పట్టింది.
"ఊరి గంట కోసం కంచం కరిగించాడు, చెంబు కరిగించాడు,
ఆఖరికి పెళ్లాం ఉంగరమూ కరిగించాడు.
అంతా చూసినవాళ్లకి
ఒక్క గంటైనా బాకీ లేదా?"

ఓతియా రొట్టె తుంచడం ఆపాడు.
డెబ్భై నాలుగులో మొదటి ఆట చూశాడాయన,
ఆ సంగతి ప్రతి మంగళవారం చెబుతాడు.
"మోగింది. ఆ రోజే మోగింది.
ఆమె తల ఎత్తిందా...
ఎక్కడో, చాలా దూరాన, సన్నగా.
ఈ చెవులతో విన్నాను."

"ప్రతిలో లేదు," త్సియాలా.
ముప్ఫై ఏళ్లు తెర పక్కన నిలబడి మాటలందించిన మనిషి.
ఇప్పటికీ ఎదుటివాళ్ల మాట
తన పెదాల మీద ముందే కదులుతుంది.
"తల ఎత్తుతుంది. నిశ్శబ్దం. తెర. అంతే."

"విన్నానంటే విన్నాను."
"నీకు కావలసింది విన్నావు."
"మరి హాలంతా ఎందుకేడ్చింది?"

నేను చిక్కుళ్లలో ఉప్పు చూసుకుంటున్నాను.
నన్నెవరూ అడగరు.
నేను కోట్ల గది లమారాని.
నలభై ఒక్క ఏళ్లు కోట్లకు కాపలా కాశాను,
జీతం మాత్రం వందలు దాటలేదు.

నాటకం నేనూ చూడలేదు.
గోడకివతల నించి విన్నాను, ఆడిన ప్రతిసారీ,
తడిసిన ఉన్ని వాసనలో
భుజాల్లేని మనుషుల మధ్య కూర్చుని.
రెండో అంకంలో ఆమె
ఏ మాట దగ్గర ఊపిరి తప్పేదో నాకు తెలుసు.
ముఖం ఎలా ఉండేదో తెలియదు.
తొంభై మూడు చలికాలం, కరెంటు లేదు,
ఎవరూ కోటు విప్పలేదు.
ఖాళీ కొక్కేల కింద ఒక్కదాన్నే
నాలుగొందల మంది కదలకపోవడాన్ని విన్నాను.

డెబ్భై నాలుగులో, ఆ మొదటి రాత్రి,
నాకు ఇరవై రెండు.
చివరి నిశ్శబ్దం ఎంతకీ తెగలేదు.
లోపల అందరూ చచ్చిపోయారేమోనని
తలుపు సందుకి చెవి ఆనించాను.
ఒళ్లో ఇత్తడి బిళ్లల డబ్బా ఉంది.
జారింది.
అన్నీ కాదు. ఒక్కటే.
నూట పదిహేడు.
రాతిమెట్ల మీద దొర్లి, దొర్లి,
ఆగినట్టే ఆగి
మళ్లీ ఒక్కసారి మోగింది.
ఉద్యోగం పోయిందనుకుని కళ్లు మూసుకున్నాను.
అవతల హాలంతా వెక్కిళ్లు.

మర్నాడు ఊడుస్తుంటే దొరికింది బిళ్ల.
డబ్బాలో వెయ్యలేదు.
పోయిందని చెప్పి అరవై కోపెక్కులు జరిమానా కట్టాను.
మా ఆయనకీ చెప్పలేదు, పోయేదాకా.

"లమారా బెబో, మీరూ అక్కడే ఉన్నారుగా," అంది తేక్లా ఉన్నట్టుండి.
"మోగిందా?"
మూడు చెంచాలు గాల్లో ఆగాయి.
ఓతియా మాత్రం నా వంక చూడలేదు,
కిటికీలోంచి రియోనీ నదిని చూస్తున్నాడు,
చెవి మాత్రం ఇటే ఉంది.

"ఉప్పు తక్కువైంది," అన్నాను.

టికెట్టు కొన్నాను, జీవితంలో మొదటిసారి.
పద్నాలుగో వరస, నడవ పక్క సీటు.
నా కోటు ఎవరో కుర్రాడు అందుకుంటాడు.
ఇప్పుడు ప్లాస్టిక్ బిళ్లలట,
కిందపడ్డా చప్పుడు కావు.

నూట పదిహేడుని
ఇంట్లో వదిలి వెళ్లాలా, వద్దా,
ఇంకా తేల్చుకోలేదు.