సగం గిన్నె

హోటల్లో లిఫ్టు బాగుచేస్తా చూసినా
గోడకు అంటించిన ధరల పట్టీ:
సూపు, నూట ఎనభై. పన్ను వేరే.
రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టు మాదిరి
నా కన్ను కాసేపు ఆ అంకె కాడే ఆగింది.

చీకటి పడేటప్పటికి కృష్ణరాజపురం సంతలో
బేరాలు మెత్తబడతాయి,
టమోటాలతో పాటే.
ఒక పక్క నలిగినవి అరకిలో,
తోక తెగిన రెండు క్యారెట్లు,
బారెడు సొరకాయలో జానెడు ముక్క.
"తొగొళ్ళి అణ్ణా, ఇప్పత్తు రూపాయి" అంటుంది
శాలువా లోపలి నుంచి ఆ ముసలామె,
వాడిన కొత్తిమీర కట్ట ఊరికే పడేసి.

ఉలవలు మాత్రం కదిరివి.
మా మేనత్త పాత మందుల సంచిలో కట్టిచ్చింది.
పొద్దున పిడికెడు నానేసి పోతా,
రాత్రికి కుక్కర్లో అన్నీ ఒకటేసారి.
మొదటి విజిలుకు బూట్లు విప్పుతా,
రెండోదానికి సబ్బుపొడితో గ్రీసు రుద్దుకుంటా,
మూడోది ఎప్పుడొస్తుందో
ఇంతవరకూ నాకు తెలీదు,
నాలుగోదానికి ఉలిక్కిపడి లేస్తా.

మిరియాలు, జీలకర్ర, పొట్టుతోనే వెల్లుల్లి
గ్లాసు అడుగుతో నలగ్గొట్టి,
ఉలవల్ని సగమే మెదిపి
(పంటికి తగలాల, లేకుంటే అది మందునీళ్లు)
రవ్వంత చింతపండు పిండి మరగనిస్తే
కిటికీ అద్దానికి ఆవిరి పట్టి
బయట బెంగుళూరు కనపడదు.

మేం దీన్ని సూపు అనం. కట్టు అంటాం.
దెబ్బకు చుట్టేదీ కట్టే,
రెండూ తెలిసినోళ్లే ఈ పేరు పెట్టింటారు.

నా సగం నేను తాగి
మిగతాది స్టీలు గిన్నెలో ఓబులేసుకు.
వాడిది రాత్రి కాపలా, నాది పగటి పని.
ఒకటే గది, ఒకటే చాప, ఒకటే దుప్పటి,
నేను లేచిన వెచ్చదనం ఆరేలోపు
వాడు రావాల. ఎప్పుడూ రాడు, బస్సు దొరకదు.
పొద్దున వచ్చి వేడి చేసుకుంటాడు.
చెడిపోదు. డిసెంబరే మా ఫ్రిజ్జు.

ఒకరి మొగం ఒకరం చూసేది ఆదివారమే.
తక్కిన రోజులు గిన్నె మాట్లాడుతుంది.
అడుగున మిరియాలు ఏరి పెట్టింటే కారం ఎక్కువైంది,
తోమి బోర్లించింటే జీతం పడింది.

మొన్న బుధవారం రాత్రి వచ్చి మూత తీస్తే
గిన్నె నిండుగా ఉంది.
చెయ్యి చల్లబడింది నాకు.
ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తడు.
వాళ్ల గేటు దగ్గర నెంబరు ఎవరిదైనా ఉందా అని
చీటీలన్నీ కింద పోసి వెతుకుతా ఉంటే
వాసన తగిలింది.
ఉలవలది కాదు.
రాగిపిండి, అల్లం, ఏదో ఆకు.
గరిటెతో తిప్పితే ఉండలు,
గోలీలంత ఉండలు.

ఎన్నడూ పొయ్యి దగ్గరికి రాని మనిషి,
రాత్రంతా నిలబడి వచ్చి
నిద్ర మానుకుని చేసినాడు.
ఆదివారం నేను రెండుసార్లు దగ్గినా,
అంతే. రెండేసార్లు.

ఉప్పు మరిచినాడు.
నిలబడే తాగినా, ఉండల్ని నాలుకతో చిదుముకుంటా.
సగం అయినాక ఆపి,
మిగతా దాంట్లో ఉప్పు వేసి,
మూత పెట్టినా.