ఏడు నిమిషాలు

వాల్దీవియాలో వాన ఆగితేనే వార్త.
వంతెనకి అటు యూనివర్సిటీ, ఇటు మా అద్దె ఇల్లు.
నడిస్తే పదకొండు నిమిషాలు.
ఈ లెక్క నాది కాదు, గాస్తోన్‌ది.

నా పని చెట్ల వయసు కట్టడం.
అలెర్సె మాను కడుపులోంచి తీసిన పెన్సిలంత పుల్లని
గరుకు కాగితంతో రుద్ది రుద్ది
భూతద్దం కింద వలయాలు లెక్కపెడతాను.
కరువు నాటి వలయం వెంట్రుకంత.
పైన బెరడు చూస్తే మాత్రం ఏమీ తెలీదు.

గంటకోసారి లేచి
గోడ గడియారాన్ని ఫోటో తీసి పంపుతాను.
అదేమంత పెద్ద విషయం కాదనుకున్నాను.
ప్రేమ ఉన్నవాడు అడుగుతాడు, లేనివాడికేం పట్టింది?
ఈ మాటా తనదే.
ఎప్పుడొచ్చి నా నోట్లో కాపురం పెట్టిందో.

"గడియారంలో నాలుగు.
ఫోటో వచ్చింది నాలుగూ ఏడుకి.
ఆ ఏడు నిమిషాలూ ఎక్కడున్నావ్?"
రోజూ ఇదే.
నేనే ఎక్కడో తచ్చాడి మర్చిపోతున్నానేమో అనుకున్నాను.
ఒకసారి క్షమాపణ కూడా చెప్పాను,
దేనికో తెలీకుండానే.

చెయ్యెత్తలేదు, ఒక్కసారీ.
అందుకే చెప్పుకోవడానికేం లేదనుకున్నాను.
స్కాలర్‌షిప్ కార్డు తన పర్సులో, నేను పారేసుకుంటానని.
తెముకోలో ఉన్న అక్కకి ఫోన్లు బంద్,
మాట్లాడాక నా ముఖం మారిపోతోందని.
పొయ్యిలో కట్టె వెయ్యాలన్నా తన మూడ్ చూసుకోవాలి.

నోల్ఫా మా ల్యాబ్‌లో రంపాలకి పదును పెడుతుంది.
ఒక బుధవారం తలెత్తకుండానే అంది:
"రాయెన్, ఆ గడియారం రెండేళ్ళుగా ఏడు నిమిషాలు వెనక.
ఎవరూ చెప్పలేదా నీకు?"

నవ్వాను. చాలాసేపు నవ్వాను.
ఆవిడ నవ్వలేదు.
రంపం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని,
తలుపు దగ్గరికి వేసింది.

రెండో అంతస్తు, జిరాక్స్ మిషన్ పక్క గది.
ఎన్నిసార్లు ఆ తలుపు ముందు కాపీల కోసం నిలబడ్డానో!
లోపల ఇవోన్ అనే ఆవిడ, ఉన్ని శాలువా, జలుబు.
ఇన్నాళ్ళెందుకు భరించావని అడగలేదు.
"ఈ రాత్రి ఇంటికే వెళ్తావా?" అంది.
వెళ్తానన్నాను.
"సరే" అంది.
"సరే"లో బెదిరింపు లేకుండా కూడా ఉంటుందని
మర్చిపోయి చాలా కాలమైంది.

తర్వాత అడిగినవన్నీ చిన్న చిన్నవి.
గుర్తింపు కార్డు ఎక్కడ పెడతావ్,
వాడే మందులేమైనా ఉన్నాయా,
ఫోన్ ఎక్కడుంటే అక్కడ నువ్వున్నట్టేనా అతనికి?
ఫోన్ ల్యాబ్‌లోనే వదిలి వచ్చాను.
ఐదింటి ఫోటో నోల్ఫా తీసి పంపింది,
కాస్త వంకరగా, బొటనవేలు అడ్డొచ్చి.
ఆ రాత్రి ఆ వేలు గురించి గంట సేపు గొడవ.
నాదే అన్నాను.
నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

గడియారం సరిచేద్దామన్నాను.
"ఇప్పుడే వద్దు, అతనికి తెలిసిపోతుంది," అంది ఇవోన్.
కాబట్టి అది అలాగే వెనకబడి నడుస్తోంది.
నా జనన ధ్రువపత్రం పుల్లల పెట్టెలో ఉంది,
ఏ అడవిలోనూ లేని చెట్టు నంబరు కింద.
నోల్ఫా ఫోన్‌లో అక్క గొంతు
మొదటి రోజు "ఎవరు?" అంది.

ఇల్లు ఇంకా వదల్లేదు.
నిన్న మళ్ళీ అడిగాడు,
ఆ ఏడు నిమిషాలూ ఎక్కడున్నావని.
గరిటె తిప్పుతూ ఊరుకున్నాను.
ఇప్పుడు నిజంగానే
ఎక్కడో ఉంటున్నాను.